నలభై పూసల నక్షత్రం

పూసల పని చూడ్డానికి వచ్చినవాళ్లు ముందువైపు చూసి ముచ్చటపడతారు. పని తెలిసినవాళ్లు వెనక్కి తిప్పి చూస్తారు. మగ్గం వర్కు జాకెట్టయినా, లేసు గుడ్డయినా అసలు సంగతి వెనకవైపే తెలుస్తుంది. ముడి ఎక్కడ వేశారు, దారం ఎక్కడ తెంచారు, ఎక్కడ తొందరపడ్డారు అన్నీ అక్కడ బయటపడతాయి. ఆకివీడులో ఒకావిడ క్రిస్మస్‌కి చేసే తీగ నక్షత్రాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. దానికి వెనకవైపంటూ లేదు. రెండు పక్కలా ఒక్కలాగే ఉంది. ముడి కనిపించదు, తీగ కొస వేలికి తగలదు. వెడల్పు పది రూపాయల బిళ్లంత. తూకం వేస్తే గ్రాముకి అటూ ఇటూ. నలభై పూసలు, మూరెడు రాగి తీగ. అంతే సరుకు. అంత కొంచెం సరుకులో అంత పని ఎలా పట్టిందో చెప్పాలని ఈ వ్యాసం.

కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోయే దారిలో ఉంది ఆకివీడు. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఇక్కడ క్రైస్తవం పాతదే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు ఈ ఊరిని ఒక కేంద్రంగా చేసుకున్నారు. ఇక్కడ పనిచేసిన జాన్ క్రెయిగ్ తమ మిషన్ చరిత్రను ‘ఫార్టీ ఇయర్స్ అమాంగ్ ది తెలుగూస్’ పేరుతో 1908లో పుస్తకంగా తెచ్చారు. ఆ మిషన్ వారి ఆస్పత్రి పేరు స్టార్ ఆఫ్ హోప్. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం ఈ ఊళ్లో ఆస్పత్రి పేరులో కూడా ఉందన్నమాట. డిసెంబరు వచ్చిందంటే ఇంటింటికీ స్టార్ కడతారు. ఒకప్పుడు వెదురు బద్దలు చీల్చి ఐదు కోణాలుగా కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు వేలాడదీసేవారు. ఇప్పుడు ఎక్కువ ఇళ్లమీద కొనితెచ్చిన స్టార్లే వెలుగుతున్నాయి.

ఇంట్లో పెట్టే క్రిస్మస్ చెట్టుకి మా కోస్తాలో చాలామంది వాడింది సరుగుడు కొమ్మే. బక్కెటులో ఇసక పోసి, కొమ్మ గుచ్చి, దూది అంటించి, రంగు కాగితాలు చుట్టేవారు. ఈ సరుగుడు కొమ్మకో గుణం ఉంది. దాని రెమ్మలు సన్నంగా, మెత్తగా, కిందికి వాలి ఉంటాయి. చలిదేశాల్లో వాడే చెట్లకి బిరుసు రెమ్మలుంటాయి కాబట్టి గాజు గోళాలు తగిలిస్తే మోస్తాయి. సరుగుడు రెమ్మకి అదే గోళం తగిలిస్తే రెమ్మ వంగి గోళం జారిపోతుంది. గ్రాము బరువున్న నక్షత్రాన్నయితే రెమ్మ ఉన్నచోటే ఉండి మోస్తుంది, ఫ్యాను గాలికి నక్షత్రం తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా వెలుగు పట్టుకుంటుంది. రెండు పక్కలా ఒక్కలాగే ఉండాలన్న పట్టుదల ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. గోడకి తగిలించే వస్తువుకైతే వెనకవైపు ఎలా ఉన్నా చెల్లిపోతుంది. గాల్లో తిరిగేదానికి చెల్లదు.

ఇక తీగ. ఇది ఫ్యాన్సీ దుకాణంలో దొరికే బంగారు పూత తీగ కాదు. మోటార్ వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి తీగ. చెరువుల ఊళ్లలో ఏరియేటర్లు, పంపులు రాత్రింబగళ్లు తిరుగుతాయి, మోటార్లు కాలిపోతూ ఉంటాయి, కాబట్టి వైండింగ్ షాపులకు కొదవ లేదు. ఆవిడ తెచ్చుకునేది ఆ షాపుల్లో ఫ్యాన్లకు చుట్టే సన్న తీగ, చుట్టలో మిగిలిన చివరి కాస్త. కాలిపోయిన మోటారులోంచి విప్పిన తీగని మాత్రం ముట్టుకోరు. వేడికి ఎనామిల్ మాడి, వంచినచోటల్లా పెచ్చులూడుతుంది. కొత్త తీగకైతే ఆ పూత చెక్కుచెదరకుండా ఉంటుంది. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. పూత లేని రాగి ఈ గాలికి నెలల్లో నల్లబడి, చోటుచోట్ల పచ్చగా కిలుమెక్కుతుంది. ఎనామిల్ పూత ఉన్న తీగకి ఆ బెడద లేదు. మోటారు లోపల చుట్లు ఒకదానికొకటి తగిలి షార్టవకుండా వేసిన పూత ఇక్కడ రంగును కాపాడుతోంది.

తీగ మందం గేజిలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 20 గేజి తీగ మందం 0.91 మిల్లీమీటర్లు, 26 గేజిది 0.46, 32 గేజిది 0.27. నక్షత్రానికి ఆవిడ వాడేది 32. ఎందుకని అడిగితే పూసను వెలుతురుకేసి పట్టి రంధ్రం చూపించారు. పూస వెడల్పే రెండు మిల్లీమీటర్లు, రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ అల్లికలో కొన్ని పూసల్లోంచి తీగ మూడేసి సార్లు వెళ్లాలి. గుండ్రటి రంధ్రంలో మూడు తీగలు ఒదగాలంటే రంధ్రం తీగ మందానికి రెండింతలకు పైన ఉండాలి. 26 గేజి వాడితే మిల్లీమీటరు రంధ్రం కావాలి, అది లేదు. 32 అయితే 0.6 చాలు. మరీ సన్నగా 36కి పోతే తీగ సులువుగా దూరుతుంది గానీ నక్షత్రం కొనలు నిలబడవు, వేలాడేసరికి సోలిపోతాయి. ఆవిడ ఈ లెక్క కాగితం మీద వేయలేదు, చేత్తో తేల్చుకున్నారు. నేను ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూస్తే సరిగ్గా సరిపోయింది.

పూసల సంగతి ఇంకా కష్టం. మగ్గం వర్కుకి అమ్మే గాజు పూసల పొట్లం విప్పి పళ్లెంలో పోస్తే అన్నీ ఒక్కటే అనిపిస్తాయి. వేలితో పరచి చూస్తే కొన్ని పల్చన, కొన్ని మందం, కొన్ని ఒకపక్కకి వాలినవి, కొన్నిటికి రంధ్రం సగం మూసుకుపోయి ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని ఏరాలి. పల్చనివి ఒక గిన్నెలోకి, మందమైనవి ఇంకో గిన్నెలోకి. పల్చనివి పారేయరు, వాటితో వేరే నక్షత్రం చేస్తారు. ఒక నక్షత్రంలోకి వెళ్లే చిన్న పూసలన్నీ ఒకే మందంలో ఉండాలి, లేకపోతే ఒక కొన పొడుగై బొమ్మ ఒరుగుతుంది. కూర్చుని అల్లే సమయంతో ఈ ఏరుడు సమయం కలపకుండా ధర కట్టేవాళ్లే ఎక్కువ.

గాజు పూస తెలుగు నేలకి కొత్త సరుకు కాదు. శ్రీకాళహస్తికి దగ్గర పాపానాయుడుపేటలో చేత్తో గాజు గొట్టం లాగి పూసలు చేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నడిచింది. పూసల చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ దాన్ని చూసి, వివరంగా రాశారు. కొలిమిలో కరిగిన గాజును ఇనప గొట్టం మీద ముద్దగా చుట్టి, దాని కొసను పట్టి సన్నటి బోలు గొట్టంగా లాగేవారు. చల్లారాక ఆ గొట్టాన్ని పూసలంత ముక్కలుగా కోసి, అంచుల పదును పోవడానికి మళ్లీ వేడిచేసేవారు. ఆ వేడికి రంధ్రాలు పూడిపోకుండా ముక్కల్లో బూడిద కూరేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్ల కిందట చేసిన పూసలూ లాగిన గొట్టం పూసలే. వాటి తరహా పూసలు తూర్పు ఆసియా దాకా తవ్వకాల్లో దొరుకుతున్నాయి. ఇప్పుడు మన బజార్లో పొట్లాల్లో వచ్చేవి యంత్రం మీద చేసినవే. అయినా గొట్టం లాగి కోయడమన్న కిటుకు మాత్రం అదే.

నక్షత్రం అల్లకం చెబుతాను. ఇది చదివి ఎవరైనా చేయగలిగేలా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇందులో తెలివి ఎక్కడుందో కనబడేలా చెప్పాలి.

ముందు పది చిన్న పూసలు తీగకెక్కించి, తీగను మొదటి పూసలోంచి మళ్లీ తీస్తే వలయం మూసుకుంటుంది. అది మొదటి వరస. రెండో వరసలో, మొదటి పూసలోంచి బయటికొచ్చిన తీగకి మూడు పూసలెక్కించి, వలయంలో రెండో పూసను వదిలేసి మూడోదానిలోకి దూరుస్తారు. మళ్లీ మూడు పూసలు, నాలుగోది వదిలి ఐదోదానిలోకి. ఇలా చుట్టూ తిరిగొస్తే వలయం మీద ఐదు చిన్న వంపులు లేస్తాయి. మూడో వరసలో కొనలు పుడతాయి. తీగ మొదటి వంపులో మొదటి పూసలోంచి పైకి వెళ్తుంది. ఒక గొట్టం పూస, కొసకి ఒక చిన్న పూస, మళ్లీ ఒక గొట్టం పూస. ఆ తర్వాత వంపులో నడిమి పూసను వదిలి మూడో పూసలోంచి కిందికి దిగి, వలయంలోకి వెళ్తుంది. రెండు గొట్టాలూ కొస దగ్గర కలిసి కోణం అవుతాయి. వదిలేసిన నడిమి పూస ఆ కోణానికి అడుగున పీటలా కూర్చుంటుంది. పదీ, పదిహేనూ, పదిహేనూ, మొత్తం నలభై.

దీన్ని రెండోసారి చూసినప్పుడు నాకు గొట్టం పూసల దగ్గర కన్ను ఆగింది. గొట్టం పూసంటే కోసిన గాజు గొట్టం. ఆ కోత అంచు పదును. జాకెట్ల మీద గొట్టాల పని రాలిపోవడానికి పెద్ద కారణం ఇదే, అంచు రాసుకుని దారం తెగుతుంది. తీగ దారమంత త్వరగా తెగకపోయినా దాని మీది ఎనామిల్ గీసుకుపోతుంది. ఈ నక్షత్రంలో ఏ గొట్టం చూసినా దానికి రెండు పక్కలా నున్నటి చిన్న పూసే ఉంది. కిందివైపు వంపులోని పూస, పైవైపు కొస పూస. గొట్టానికి గొట్టం ఎక్కడా తగలదు, తీగ గొట్టం అంచు మీద ఎక్కడా మలుపు తిరగదు. కాపలాకని ప్రత్యేకంగా ఒక్క పూస కూడా పెట్టలేదు. అందానికి పెట్టిన పూసే కాపలా కాస్తోంది. ఏ పనిలోనైనా ఇలాంటిది కనిపిస్తే చేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఇంకోటి. వలయంలో మొదటి పూసలోంచి తీగ నాలుగుసార్లు వెళ్తుంది. ఎక్కించినప్పుడు, వలయం మూసినప్పుడు, రెండో వరస చివర, మూడో వరస చివర. అందుకని ఏరేటప్పుడే రంధ్రం వెడల్పుగా ఉన్న పూసల్ని వేరే మూతలో పెట్టుకుంటారు. ప్రతి నక్షత్రానికి మొదటి పూస ఆ మూతలోంచి వస్తుంది. చివరికి తీగ కొసలు రెండూ ఆ మొదటి పూస దగ్గరే కలుస్తాయి. వాటిని ఎక్కడ దాచాలి? వలయంలో మనం దాటేసిన పూసలున్నాయి కదా, రెండోదీ నాలుగోదీ అలా. వాటిలో తీగ ఒక్కసారే వెళ్లింది, లోపల చోటుంది. ఒక కొస రెండో పూసలోకి, ఇంకో కొస పదో పూసలోకి. అవతల బయటికొచ్చాక పూసకీ పూసకీ మధ్య తీగ చుట్టూ ఒకే ఒక్క చుట్టు చుట్టి కత్తిరిస్తారు. కత్తిరించేది గోళ్ల కట్టరుతో. కత్తెరతో కోస్తే పిసరంత తీగ ముందుకు పొడుచుకొస్తుంది. గోళ్ల కట్టరు నోరు వంపుగా ఉంటుంది కాబట్టి పూసని ఆనించి కోయొచ్చు, కొస పూస నీడలోనే ఉండిపోతుంది.

అయిపోయాక పరీక్ష ఉంది. పాత నైలాన్ చీర ముక్క మీద నక్షత్రాన్ని నాలుగువైపులా రాస్తారు. ఎక్కడైనా పోగు లేచిందా, ఆ నక్షత్రం అమ్మకానికి వెళ్లదు.

చూస్తూ కూర్చున్నవాణ్ణి ఊరుకోలేక ఒకటి నన్ను చేయనిమ్మన్నాను. తీగని బిగించబోతే ఆవిడ చెయ్యి అడ్డంపెట్టారు. “అలా లాక్కండీ. దారం కాదండీ అది, తీగ. మెలిక పడిందనుకోండి, లాగితే అక్కడే విరిగిపోద్ది. ముందు విప్పి, అప్పుడు తొయ్యాలి” అన్నారు. తీగ పనిలో ఇదే అసలు కీలకం. దారానికి మెలిక పడితే లాగితే సర్దుకుంటుంది. తీగకి మెలిక పడ్డాక లాగితే ఆ చిన్న వలయం బిగిసి మొనదేలి, అక్కడ రాగి నలిగిపోతుంది. ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది పెట్టెలోంచి తీసేటప్పుడు విరుగుతుంది. అందుకని ఆవిడ ఎడమచేతి బొటనవేలు ఎప్పుడూ తీగ వెనకే నడుస్తుంది. వలయం చిన్నదవుతుంటే వేలు లోపల పెట్టి గుండ్రంగా ఉంచుతుంది, ఆఖరి క్షణంలో తప్పుకుంటుంది. వైండింగ్ తీగ మెత్తగా వస్తుంది, వంచినకొద్దీ గట్టిపడుతుంది. ఒక్కసారే వంచి వదిలేస్తే ఆ గట్టితనం నక్షత్రానికి బలం. అటోసారి ఇటోసారి వంచితే అదే పెళుసు. అంటే ప్రతి మలుపూ మొదటిసారే కుదరాలి. తప్పయితే దారం విప్పినట్టు విప్పి మళ్లీ అల్లడానికి లేదు. పాత వంపు తీగలో ఉండిపోతుంది, పూసల మధ్య సందు సందుగా కనిపిస్తుంది.

ఈ వేలు ఎక్కడ నేర్చింది? లేసు దగ్గర. ఆవిడ తల్లిది నరసాపురం వైపు. లేసు కుట్టే ఇల్లు. ఆకివీడు నుంచి భీమవరం మీదుగా రైలెక్కితే నరసాపురం ఎంతో దూరం లేదు. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి డెల్టా ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారని చెబుతారు. మొనకి కొక్కెం ఉన్న చిన్న సూది, నూలు దారం, అంతే పరికరాలు. పువ్వులు ఒక చేతిలో, అంచుకి కాజాలు ఇంకో చేతిలో, ముక్కలు అతకడం మరో చేతిలో తయారై ఒక గుడ్డ అవుతుంది. అతుకుపని చేసేవాళ్లకి మిగతా అందరి బిగువూ తెలియాలి, ఎందుకంటే ఒకరు వదులుగా, ఒకరు బిగుతుగా అల్లిన పువ్వులు ఒకే వరసలో పెడితే గుడ్డ ముడుచుకుంటుంది. నూట ఎనభై ఏళ్లుగా అమ్మ నుంచి కూతురికి వచ్చింది ఈ బిగువే. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ధ్రువపత్రంలో దారం, సూది, నమూనాల గురించి రాయొచ్చు గానీ బిగువు గురించి రాయడం కష్టం. ఆకివీడు నక్షత్రంలో నాకు కనిపించింది ఆ బిగువు.

లేసుతోనూ నక్షత్రం అల్లొచ్చు. అల్లాక గంజిలో ముంచి, గుండుసూదులతో పలకమీద గుచ్చి ఆరబెడితే కొనలు నిలబడతాయి. కానీ కొల్లేటి డిసెంబరు పొద్దుటి మంచుకి గంజి మెత్తబడుతుంది, పండగ రాకముందే కొనలు వాలతాయి. తీగకి మారడానికి కారణం ఇదేనని ఆవిడ చెప్పారు.

లేసు సూదితోనే తీగని అల్లే పని కూడా ఒకటుంది. అది చూపించమంటే గూడబాతు బొమ్మ తెచ్చారు. కొల్లేటి గూడబాతు. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లినవాళ్లకి దీన్ని పరిచయం చేయక్కర్లేదు. క్రిస్మస్ చెట్టుకి కొల్లేటి పక్షి ఏమిటనిపించొచ్చు. కానీ మధ్యయుగాల యూరప్ చర్చిల్లో ఈ జాతి పక్షి శిల్పాలు కనిపిస్తాయి. తల్లి తన రొమ్ము పొడుచుకుని ఆ నెత్తురుతో పిల్లల్ని బతికిస్తుందని అప్పటివాళ్ల నమ్మకం, అందుకని దాన్ని క్రీస్తు త్యాగానికి గుర్తుగా పెట్టుకున్నారు. ఈ సంగతి ఆవిడకి తెలిసి చేసింది కాదు. ఊళ్లో పక్షి కాబట్టి చేశారు. ఎలా వచ్చినా సరైన చోటికే వచ్చింది.

దాని ఒంటికి 20 గేజి తీగ చట్రం, ముక్కుకి పసుపు గొట్టాలు. చూడాల్సింది ముక్కు కింది సంచి. సన్న తీగని కొక్కెం సూదితో గొలుసు కుట్టుగా అల్లి, వల వల్లే వదులుగా వదిలారు. కుట్టుకొక పూస చొప్పున లోపల మెరుస్తుంది. ఈ అల్లికలో పూసల్ని మధ్యలో ఎక్కించే వీలుండదు. మొదలుపెట్టకముందే అన్నీ తీగకి ఎక్కించుకోవాలి, అల్లుతూ ఒక్కొక్కటే కుట్టులోకి జరపాలి. చివర ఎక్కించినది ముందు వస్తుంది. అంటే రంగుల వరసని తలకిందులుగా గుర్తుపెట్టుకుని ఎక్కించాలి. సంచిలో పైన తెలుపు, కిందికి వచ్చేకొద్దీ లేత నారింజ, అడుగున ముదురు. మొత్తం వరస తిరగేసి ఎక్కించి ఒక్క పూస కూడా తప్పకుండా అల్లారు. లేసు దారమైతే కుట్టు కుట్టుకీ సర్దుకుంటుంది, తీగకి ఆ దయ లేదు. అయినా కుట్లన్నీ సమానంగా ఉన్నాయి.

ఆవిడ చేసే దేవదూత మీద మాత్రం నాకు అంత మనసు పోలేదు. తలకి ప్లాస్టిక్ ముత్యం పెడతారు, రెక్కలకి బంగారు పూత తీగ. నక్షత్రంలో గాజూ రాగీ తప్ప మరోటి లేదు కాబట్టి ఏ వెలుతురులో పెట్టినా అవి ఒకదానికొకటి సర్దుకుంటాయి. లోపల వెండి పూత ఉన్న ఎర్ర పూసలోంచి వెలుగు తిరిగి బయటికొస్తుంది, రాగి రంగు దాని వెనకాల వెచ్చగా ఉంటుంది. ప్లాస్టిక్ ముత్యం ఆ పక్కన బొత్తిగా నిర్జీవంగా ఉంటుంది. కొనేవాళ్లు దేవదూతనే ఎక్కువ అడుగుతారట. అది వేరే విషయం. పని చూసి చెప్పమంటే నా ఓటు నక్షత్రానికీ గూడబాతు సంచికీ.

ఇలాంటి పనినే జీవనంగా చేసుకున్న ఊరొకటి చెక్ దేశంలో ఉంది. కొండల్లో ఉన్న చిన్న ఊరు పోనిక్లా. అక్కడ గాజు గొట్టాన్ని వేడిచేసి, అచ్చులో పెట్టి గాలి ఊది, పూసల దండలా వరసగా బుడగలు తీస్తారు. వెండి లవణం కలిపిన ద్రావణాన్ని లోపలికి పోసి వెండి పూత పట్టిస్తారు, పైన రంగులు వేస్తారు, ఒక్కొక్క పూసగా కోస్తారు. ఆ పూసలు ఇళ్లకి వెళ్తాయి. ఇళ్లలో ఆడవాళ్లు వాటిని తీగల మీద గుచ్చి నక్షత్రాలు, గంటలు, విమానాలు, సాలీళ్లు చేస్తారు. 2020లో యునెస్కో ఈ పనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ల పూస బోలుగా ఉండి తేలిక, ముట్టుకుంటే పగిలే సరుకు. మన పూస చిన్నది, గట్టిది, చెరువుగట్టు మీది ఇంట్లో పిల్లలు లాగినా ఏమీ కాదు. వాళ్లు తీగమీద పూసలు గుచ్చుతారు, ఇక్కడ తీగతో పూసలు అల్లుతారు. రెండింట్లో నాకు అల్లికే గొప్ప. ఇది మా ప్రాంతం మీద మమకారంతో అంటున్న మాట కాదు. గుచ్చిన నక్షత్రానికి ఊచలు ఆధారం. అల్లిన నక్షత్రానికి వేరే చట్రమే లేదు, నలభై పూసలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

పోనిక్లాలోనూ నరసాపురంలోనూ పని ఇంట్లోనే జరుగుతుంది. ఇంట్లో జరిగే పనికి ఒక శాపం ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చి లేసు కుట్టే ఆడవాళ్ల మధ్య ఉండి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం రాశారు. ఎగుమతి అయ్యే సరుకు తయారుచేస్తూ, రోజులో పెద్ద భాగం సూది పట్టుకుని ఉన్నా, వీళ్లని ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదని, గృహిణులు తీరిక వేళల్లో చేసే పని అన్న ముద్రతోనే కూలి కిందికి దిగిపోయిందని ఆవిడ చూపించారు. నలభై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా పాతబడలేదు. ఆకివీడు ఆవిడని కూడా కొనేవాళ్లు అడిగేది అదే, “ఖాళీగా ఉన్నప్పుడు చేసేదే కదమ్మా, తగ్గించు” అని. ఖాళీ అంటే ఏది? పూసలు ఏరిన గంటా? పెద్ద రంధ్రం పూసను వేరే మూతలో దాచుకున్న తెలివా? తల్లి దగ్గర పదేళ్లప్పుడు మొదలెట్టి ఇన్నేళ్లుగా వేలికి పట్టిన బిగువా? రాగి ధర తెలుసు, పూసల పొట్లం ధర తెలుసు, ఆ రెండూ కలిపి పైన కాస్త వేసి బేరం మొదలెడతారు. మోటారు వైండింగ్ చేసే మనిషి అదే తీగని చుట్టి కూలి చెబితే మారుమాట్లాడకుండా ఇచ్చేస్తాం. అతనికి షాపుంది, బోర్డుంది. ఈవిడకి చాపా, పళ్లెమూ, కిటికీ వెలుతురూ ఉన్నాయి.

మిషను మీద వచ్చే ప్లాస్టిక్ స్టార్ల మీద నాకు కోపం లేదు. పిల్లలు వాటితోనూ సంతోషపడతారు. కానీ చేత్తో చేసిన నక్షత్రం మీ ఊళ్లో ఎవరైనా అమ్మితే, మిషను స్టారు ధర పక్కన పెట్టి దాని ధర అడక్కండి. కొనేముందు మూడు పనులు చేయండి. వెనక్కి తిప్పి చూడండి. చీర చెంగు మీదో చొక్కా మీదో మెల్లగా రాసి చూడండి. కొన పట్టుకుని వేలాడదీసి, ఒరుగుతోందేమో చూడండి. మూడింటికీ నిలబడితే ఆవిడ చెప్పిన ధర ఇచ్చి తీసుకోండి. పండగయ్యాక దూదిలో చుట్టి డబ్బాలో పెడితే, పెట్టేటప్పుడు వంచకపోతే, వచ్చే డిసెంబరుకీ ఆ పైన చాలా డిసెంబర్లకీ అది మీ చెట్టుమీదే ఉంటుంది.